మూడు వాటాలు, కాగితం మీద పేర్లు

(స్త్రీల ఆస్తి హక్కుల మీద విజయవాడలో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కొంచెం వెనకాడాను. ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు. నేనేమో అద్దెలు వసూలు చేసుకునేదాన్ని. మన సభల్లో ఇంటి ఓనరంటే ఎప్పుడూ అవతలి పక్షమే. ఒంటరి ఆడవాళ్ళకి ఇల్లివ్వదు, నీళ్ళు కట్టేస్తుంది, చుట్టం వస్తే మొహం ముడుచుకుంటుంది. ఇవన్నీ నిజాలే. వీటిలో కొన్ని నేను కూడా చేసినవే. అందుకే, నా గొప్ప చెప్పుకోవటానికి కాకుండా, ముప్ఫై అయిదేళ్ళుగా మూడు వాటాలు అద్దెకిచ్చి నేను నేర్చుకున్నది, నేర్చుకోక చేసిన తప్పు, రెండూ మీ ముందు పెడతాను.

మా ఇల్లు సింగ్ నగర్‌లో. 150 గజాల స్థలం. కింద ముందు వాటాలో నేనుంటాను, వెనక వాటా అద్దెకి, మేడ మీద రెండు వాటాలు అద్దెకి. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి 2013లో రిటైరయ్యాను. డెబ్బై ఏళ్ళు నిండాయి.

1987లో ఆ స్థలం కొన్నాం. డబ్బు నాది. నాకు పసుపు కుంకుమ కింద మా నాన్న ఇచ్చిన అరెకరం అమ్మాను, పి.ఎఫ్. నించి అప్పు తీశాను. రిజిస్ట్రేషన్ రోజు నాకు ప్రసూతి వార్డులో డ్యూటీ పడింది. ఆయన వెళ్ళారు. దస్తావేజులు రాసే ఆయన "ఎవరి పేరునండీ?" అని అడిగి ఉంటాడు, ఈయన తన పేరు చెప్పి ఉంటారు. ఇందులో ఎవరూ కుట్ర చెయ్యలేదు. ఆయన మంచివాడే. సాయంత్రం మిఠాయి పొట్లం, కాగితాలు తెచ్చి నా చేతిలోనే పెట్టారు. నేను మిఠాయి పంచాను, కాగితం చదవలేదు. చదివినా ఏమీ అనుకునేదాన్ని కానేమో. మగవాడి పేరున ఉంటే ఇల్లు ఇద్దరిదీ, ఆడదాని పేరున ఉంటే మొగుడికి అవమానం అనుకునే రోజులు అవి. ఇప్పుడు మాత్రం పోయాయా?

తరవాత రెండేళ్ళకి కింద రెండు వాటాలు వేశాం. దానికి చీటీ పాడాను. చీటీ లెక్క చెప్పాలి, ఎందుకంటే బ్యాంకు గుమ్మం తొక్కలేని ఆడవాళ్ళు ఇప్పటికీ ఒక గది వేసుకోవాలన్నా, రేకుల షెడ్డు వేసి అద్దెకివ్వాలన్నా చీటీ మీదే ఆధారపడుతున్నారు. 10 వేల చీటీ, 25 మంది, నెలకు 400. నాలుగో నెలలోనే పాడాను కాబట్టి 3 వేలు వదులుకుని 7 వేలు చేతికి తీసుకున్నాను. ఆ 3 వేలలో నిర్వాహకుడి కమీషను 500 పోగా మిగిలిన 2,500 పాతిక మందికీ తలా వంద వచ్చింది. అంటే నాకు తొందర కాబట్టి నేను పోగొట్టుకున్నాను, తొందర లేనివాళ్ళు లాభపడ్డారు. చీటీ తప్పని నేననను. ఎంత వదులుకుంటున్నామో కాగితం మీద రాసుకుని పాడండి. ఇంకో మాట, రిజిస్టరైన చీటీకి 1982 నాటి చట్టం ఉంది. వీధి చివర ఇంట్లో వేసే చీటీకి ఆవిడ మంచితనం తప్ప ఏమీ లేదు.

వెనక వాటా 1990లో 300 రూపాయలకి అద్దెకిచ్చాం. ఆ 300 ఆయన తీసుకుని నాకిచ్చేవారు.

1993లో ఆయన పోయారు. వీలునామా లేదు, నలభై రెండేళ్ళ మనిషి వీలునామా ఎందుకు రాస్తాడు? పదకొండో రోజు అయ్యాక మా మరిది వచ్చి, "వదినా, ఆస్తిలో అమ్మకి కూడా వాటా ఉంది, వెనక అద్దె ఇక నించి అమ్మకి వస్తుంది," అన్నాడు. అద్దెకున్న ఆయన నన్ను అడగలేదు. మరుసటి నెల నించి మా మరిది చేతికే ఇచ్చాడు. మగదిక్కు ఎటుంటే అద్దె అటు. పద్నాలుగు నెలలు నా ఇంటి వెనక వాటా అద్దె నా గుమ్మం ముందు నించే పక్క బజారుకి వెళ్ళిపోయింది.

వకీలు దగ్గరికి వెళ్ళాను. డబ్బంతా నాదేనని చీటీ పుస్తకం, పి.ఎఫ్. కాగితాలు, పొలం అమ్మిన దస్తావేజు నకలు అన్నీ ముందు పెట్టాను. ఆయన అన్నీ చూసి, "అమ్మా, ఇవన్నీ నిజమే. కానీ 1988లో బేనామీ చట్టం వచ్చింది. ఒకరి పేరున ఉన్న ఆస్తి అసలు నాదే అని కోర్టులో అడగటానికి వీల్లేదు," అన్నాడు. దానికి ఒక మినహాయింపు ఉంది. మగవాడు భార్య పేరునో, పెళ్ళికాని కూతురి పేరునో కొంటే ఆ చట్టం వర్తించదు. భార్య సంపాదించి భర్త పేరున కొంటే? ఆ సంగతి చట్టం రాసినవాళ్ళకి తట్టలేదు. ఆడది కొంటుందని వాళ్ళు అనుకుంటే కదా! 2016లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు గానీ భార్యాభర్తల్లో ఎవరు ఎవరి పేరున కొన్నా, డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో చూపించగలిగితే మినహాయింపు అన్న మాట చేరలేదు.

ఇక మిగిలింది వారసత్వం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మగవాడు పోతే తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్ళు సమానంగా పంచుకుంటారు. మాకు ఒక్క కూతురు. అప్పుడు దానికి పదకొండేళ్ళు. అంటే మా అత్తగారిది మూడో వంతు, నాది మూడో వంతు, నా కూతురిది మూడో వంతు. నా డబ్బుతో కట్టిన ఇంట్లో మూడో వంతు నేను మళ్ళీ కొనుక్కోవాల్సి వచ్చింది. 22 వేలకి ఒప్పందం కుదిరింది. ఆసుపత్రి ఉద్యోగుల సహకార సంఘంలో అప్పు తీశాను. 1995లో అత్తగారు హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేశారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మన మిత్రులు మా అత్తగారిని తిడతారు. నేను తిట్టను. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉండటం మంచిదే, ఎంతోమంది ముసలితల్లులకు ఆ వాటా లేకపోతే గంజి కూడా పుట్టదు. నా బాధ వేరు. ఆ 22 వేలలో ఒక్క రూపాయి ఆవిడ చేతికి రాలేదు. రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని, "సిరా పోవటానికి కాస్త కిరసనాయిలు ఉందా అమ్మా?" అని నన్నే అడిగింది. ఆవిడ హక్కు కూడా కాగితం మీదే.

ఆ రోజు నించి అద్దె నా చేతికి, నా సంతకంతో రశీదు మీద. రశీదు ఇవ్వటం మొదలుపెట్టిన మొదటి నెల వెనక వాటా ఆయన నవ్వాడు, "మనలో మనకి రశీదు లేమిటండీ" అని. మనలో మనకి కాబట్టే పద్నాలుగు నెలలు పోయాయి.

మేడ 2002లో వేశాను. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అద్దె ఇళ్ళు కడితే కూర్చుని తినొచ్చు అని మన ఆడవాళ్ళకి ఎవరెవరో చెప్తున్నారు. బ్యాంకులో 2 లక్షల 50 వేలు తీసుకున్నాను, 11 శాతం వడ్డీ, పదిహేనేళ్ళు. మా అమ్మాయికి అప్పటికి ఇరవై ఏళ్ళు, మూడో వంతు దానిది కాబట్టి దాని సంతకం కూడా అడిగారు, అది సబబే. "మగవాళ్ళెవరైనా హామీ ఉంటారా?" అని కూడా అడిగారు, అది సబబు కాదు. నా జీతం కాగితం మళ్ళీ ముందుకి తోశాను. నెల వాయిదా 2,842 రూపాయలు. మేడ మీద రెండు వాటాలకి చెరి 1,200 వచ్చేవి, అంటే 2,400. ప్రతి నెలా 442 రూపాయలు నా జీతం లోంచి వెయ్యాలి. అది ఇల్లు నిండుగా ఉన్నప్పుడు. ఆషాఢంలో ఒక వాటా ఖాళీ అయితే శ్రావణం దాకా ఎవరూ చేరరు, పుష్యమాసం వస్తే మళ్ళీ అంతే. టులెట్ బోర్డు వేలాడుతుంటుంది, బ్యాంకు వాయిదా మాత్రం మూఢాలు చూసుకోదు. సున్నాలు, మోటారు, సెప్టిక్ ట్యాంకు, మేడ మీద బాత్‌రూమ్ నీరు కింద గోడలోకి దిగటం – వీటికి ఏడాదికి ఒక నెల అద్దె తీసి పక్కన పెట్టకపోతే మూడో ఏడు అప్పు చెయ్యాల్సిందే. 2017లో ఆఖరి వాయిదా కట్టాను. మొత్తం కట్టింది 5 లక్షల 11 వేల చిల్లర.

మరి ఎందుకు వేశావంటారా? రిటైరయ్యాక పెన్షన్ ఒక్కటే కాకుండా మేడ మీద నించి ఇంకో రెండు ఆదాయాలున్నాయి. ఎవరినీ చెయ్యి చాపి అడగక్కర్లేదు. అప్పు మాత్రం, అద్దె మొత్తం రాని నెలల్లో కూడా కట్టగలిగినంతే తీసుకోండి. జీతం లేని ఆడవాళ్ళు అద్దె నమ్ముకుని అప్పు చేస్తానంటే నేను వద్దనే చెప్తాను. ముందు ఒక గది, చేతి డబ్బుతో.

ఆదాయపు పన్ను సంగతి రెండు మాటల్లో. వచ్చిన అద్దె లోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతులకని తగ్గిస్తారు, మీరు ఎంత ఖర్చు పెట్టారో బిల్లులు అడగరు. అప్పు మీద వడ్డీ కూడా తగ్గిస్తారు. కానీ భర్త తన డబ్బుతో కొని ఊరికే భార్య పేరున పెట్టిన ఇల్లయితే, దాని మీద వచ్చే అద్దెని భర్త ఆదాయం కిందే లెక్కేస్తారు. అంటే పేరొకరిది, పెత్తనమొకరిది అనే సంగతి పన్నులవాళ్ళకి ఎప్పుడో తెలుసు. మన ఇళ్ళలోనే తెలియనట్టు నటిస్తాం. మన రాష్ట్రంలో పేదల ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇస్తున్నారు, మంచిదే. వెనక వేసిన రేకుల గది అద్దె ఎవరి జేబులోకి వెళ్తోందో ఈసారి వాడకి వెళ్ళినప్పుడు అడిగి చూడండి.

పిల్లలు లేని అక్కలకి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. మీ సంపాదనతో కట్టుకున్న ఇల్లు, మీరు వీలునామా లేకుండా పోతే, భర్త కూడా లేకపోతే, మీ పుట్టింటికి కాదు, ముందు భర్త తరఫు వారసులకి వెళ్తుంది. పెళ్ళయిన కొద్ది నెలలకే అత్తింటి నించి గెంటేసిన ఒక వితంతువు సొంత సంపాదన అంతా ఆ అత్తింటివాళ్ళకే చెందుతుందని 2009లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

2009లో మేడ మీద ఎడమ వాటాలో ఒక కుటుంబం ఉండేది. ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో, ఆమె ఇంట్లోనే, ఇద్దరు చిన్న పిల్లలు. కాగితం లేదు, నోటి మాటే. రెండు నెలల అడ్వాన్సు ఆయన ఇచ్చాడు. అప్పుడప్పుడు పైనించి కేకలు వినిపించేవి. నేను రెండుసార్లు పైకి వెళ్ళాను, ఆమె తలుపు సగం తీసి, "ఏం లేదు పిన్నిగారూ," అనేది. నేను సంఘంలో సభ్యురాలిని. గృహహింస చట్టం కావాలని ఊరేగింపుల్లో ప్లకార్డు పట్టుకున్నదాన్ని. ఆ చట్టం 2006 అక్టోబరు 26 నించి అమల్లో ఉంది కూడా.

జూన్ నెలలో ఆమె పిల్లల్ని తీసుకుని చెల్లెలి పెళ్ళికి పుట్టింటికి వెళ్ళింది. నాలుగు రోజులకి ఆయన వచ్చి, "ట్రాన్స్‌ఫరైందండీ, రేపే ఖాళీ చేస్తున్నాం, అడ్వాన్సు ఇప్పించండి," అన్నాడు. కరెంటు బిల్లు మినహాయించి మిగిలింది లెక్కపెట్టి ఇచ్చాను. మర్నాడు లారీ వచ్చింది. సామాను వెళ్ళిపోయింది. గది కడిగించి నా తాళం వేశాను. బోర్డు కూడా కట్టాను.

తరవాత వారం ఆమె వచ్చింది. ఒక చేత్తో చిన్నవాణ్ణి, ఇంకో చేత్తో సంచి. మెట్లెక్కి, దిగి వచ్చి, "పిన్నిగారూ, మా తలుపుకి మీ తాళం ఉందేమిటండీ?" అని అడిగింది.

ట్రాన్స్‌ఫరు లేదు, ఏమీ లేదు. ఆమెని వదిలించుకోవటానికి ఆయన పోట్లాడక్కర్లేదు, కొట్టక్కర్లేదు, కోర్టుకి వెళ్ళక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేస్తే చాలు. తాళం వెయ్యటానికి నేనున్నాను.

ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంది. పొద్దున్నే పిల్లలకి ఇడ్లీ పెట్టి, ఫోను నంబరు తీసుకుని, మన కార్యకర్తలతో మాట్లాడిస్తానన్నాను. ఆమె వింది. "మీరు ఆయనకి డబ్బులిచ్చేముందు నాకొక్క ఫోను చేసి ఉంటే..." అని మాత్రం అంది. బస్సెక్కి వెళ్ళిపోయింది. తరవాత నేను ఫోను చేసినప్పుడల్లా వాళ్ళ నాన్నే ఎత్తాడు.

నేను సమాధానపడటానికి చాలా చూశాను. ఇల్లు తీసుకున్నది ఆయన, అడ్వాన్సు ఇచ్చింది ఆయన, ఆయనకే తిరిగి ఇచ్చాను, ఇందులో నా తప్పేముంది అని. 1993లో వెనక వాటా ఆయన కూడా ఇదే అనుకుని ఉంటాడు కదా, మా మరిదికి అద్దె ఇచ్చేటప్పుడు.

తరవాత ఆ చట్టం తీసి మళ్ళీ చదివాను. ఈసారి ప్లకార్డు కోసం కాదు. ఉమ్మడిగా కాపురమున్న ఇల్లు అంటే సొంత ఇల్లే కానక్కర్లేదు, అద్దె ఇల్లు కూడా అదే, అద్దె కాగితం ఒక్క భర్త పేరున ఉన్నా సరే. ఆ ఇంటి మీద తనకున్న హక్కు భర్త వదులుకోకుండా మేజిస్ట్రేటు ఆపొచ్చు. ఆమె ఉన్నలాంటి ఇల్లు ఇంకొకటి చూపించమని, లేదా దాని అద్దె కట్టమని ఆదేశించొచ్చు. అంటే ఆమె కోర్టుకి వెళ్ళి ఉంటే అడగటానికి ఎంతో ఉంది. కానీ లారీ ముందే వెళ్ళిపోయింది, తాళం మారిపోయింది, ఆమె అక్కడ కాపురమున్నట్టు చూపించటానికి ఒక్క కాగితం ముక్క లేదు. ఆ కాగితం ఇవ్వగలిగినదాన్ని నేనే, ఇవ్వలేదు.

అప్పటి నించి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. భార్యాభర్తలు వస్తే అద్దె ఒప్పందం ఇద్దరి పేర్లతో, ఇద్దరి సంతకాలతో. అడ్వాన్సు రశీదు ఇద్దరి పేర్న. ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ సంతకం పెడితేనే అడ్వాన్సు వెనక్కి. ఒప్పందంలో ఇది ఒక షరతుగా రాసి ఉంటుంది. మామూలుగా పదకొండు నెలలకి రాసుకుంటారు. రిజిస్టరు చేయించే ఖర్చు ఎవరూ పెట్టుకోరు. పదకొండు నెలలకి మళ్ళీ రాసుకుంటాం. ప్రతిసారీ ఒక కాపీ ఆమె చేతికి విడిగా ఇస్తాను.

ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. "అద్దె కట్టేది నేను కదండీ, ఆవిడ సంతకమెందుకు?" అని ఇద్దరు వెళ్ళిపోయారు. ఆ రెండుసార్లూ వాటా ఖాళీగా ఉంది, ఒకసారి నెలన్నర. ఒకావిడ తనే నా దగ్గరికి వచ్చి, "వద్దు పిన్నిగారూ, నేనడిగించానని గొడవవుతుంది," అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఓనరు రూలు అని చెప్పమన్నాను, తప్పు నా మీద వేసెయ్యమన్నాను. ఓనరమ్మల చాదస్తాలు ఇన్ని భరిస్తారు కదా, ఇదీ ఒకటని అనుకుంటారు.

ఇక ఎవరికి ఇస్తాం, ఎవరికి ఇవ్వం అనే దాని గురించి. "మీరెవరండీ?" అని కులం అడగటం, పేరు విని "ఇల్లు అయిపోయింది" అనటం, "ఒంటరివాళ్ళకి ఇవ్వం" అనటం – మొదటి పదేళ్ళు నేనూ చేశాను. మా వీధిలో అందరూ చేసేవారు, ఇప్పుడూ చేస్తున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఇదే ఊళ్ళో మూడు ఇళ్ళలో అడిగారు, మూడింట్లోనూ ఇవ్వలేదు. అదంతా మర్చిపోయి అదే ప్రశ్న నేను అడిగాను. తరవాత మానేశాను, మానేసినందుకు నష్టపోయిందేమీ లేదు. అద్దె ఎగ్గొట్టిన ఇద్దరూ నేను ఏరి కోరి "మన" అనుకుని ఇచ్చినవాళ్ళే.

చావు విషయంలో మాత్రం నష్టపోయాను, అదీ చెప్తాను. 2012లో కుడి వాటాలో ఉన్నతని తల్లి ఆసుపత్రిలో పోయింది. మన వైపు అద్దె ఇంట్లోకి శవాన్ని తీసుకురానివ్వరు కదా, అతను నన్ను అడగను కూడా లేదు. ఆసుపత్రి నించి నేరుగా శ్మశానానికి ఏర్పాటు చేసుకుంటున్నాడు. ఆవిడ రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చున్న మనిషి. ఇంటికి తీసుకురమ్మని కబురు చేశాను. మా పెరట్లోనే ఆడవాళ్ళు స్నానం చేయించారు. ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలని పక్కింటివాళ్ళు అన్నారు. నేను పాడుపెట్టలేదు, కానీ ఆ కుటుంబం ఖాళీ చేశాక మూడు నెలలు ఎవరూ రాలేదు, ఆ వాటా పాడు పెట్టినట్టే అయింది. వచ్చినవాళ్ళకి వీధి చివరే చెప్పేసేవారు. మూడు నెలల అద్దె పోయింది. మళ్ళీ అలాంటిది వస్తే ఏం చేస్తానంటే, అదే చేస్తాను, కానీ పోయిన అద్దె లెక్క మాత్రం నా పుస్తకంలో ఉంది.

నీళ్ళు, కరెంటు. నాలుగు వాటాలకీ ఒకే మీటరుంటే అందరి యూనిట్లూ కలిసి పై స్లాబులో పడి, ఒక ఫాను, రెండు లైట్లున్నవాళ్ళు కూడా ఎక్కువ ధర కడతారు. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనర్లు ఇంకా పైన వేసుకుంటారు. వాటాకొక సర్వీసు తీసుకోండి, ఒక్కసారి ఖర్చు. అద్దె బాకీ ఉందని నీళ్ళు కట్టెయ్యటం, కరెంటు పీకెయ్యటం చెయ్యకండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా అది చెయ్యకూడదనీ, ఇంట్లోకి వెళ్ళాలంటే ఒక రోజు ముందు చెప్పాలనీ, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదనీ అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అమలు. కానీ మన సంఘంలో ఇళ్ళున్నవాళ్ళం చట్టం కోసం ఆగక్కర్లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. మీకు చెప్పేదేముంది, మీలో సగం మంది పడవల్లో పాల ప్యాకెట్లు పంచినవాళ్ళు. కింద రెండు వాటాలూ మునిగాయి. నేనూ, వెనక వాటాలో ఉన్న అమ్మాయీ, దాని కూతురూ మేడెక్కాం. ఎనిమిది రోజులు ఓనరమ్మ అద్దెకున్నవాళ్ళ ఇంట్లో ఉంది. వాళ్ళ బియ్యమే తిన్నాను. ఆ ఎనిమిది రోజులకి నాకు అద్దె వెయ్యలేదు వాళ్ళు.

నీళ్ళు తీశాక కింది ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ప్రభుత్వం ఇస్తుందన్నారు. పేర్లు రాసుకోవటానికి వచ్చారు. మా వీధిలో ఇద్దరు ఓనర్లు, గోడలు మావి కాబట్టి డబ్బు మాకే రావాలని తగాదా పెట్టుకున్నారు. మునిగిన బట్టలు, బియ్యం, ఫ్రిజ్జు, పిల్లల పుస్తకాలు ఎవరివి మరి? మా వెనక వాటా అమ్మాయి మొగుణ్ణి వదిలి వచ్చింది, బట్టల షాపులో పనిచేస్తుంది. ఆధార్ కార్డులో ఇంకా అత్తగారి ఊరే ఉంది. ఇక్కడ ఉంటున్నట్టు రుజువేదని అడిగారు. ఒప్పందం కాగితం ప్లాస్టిక్ కవర్లో బియ్యం డబ్బా పైన పెట్టుకుందట, మేడెక్కేటప్పుడు కూతురి స్కూలు సర్టిఫికెట్లతో పాటు తెచ్చుకుంది. తడి ఆరి ముడతలు పడిన కాగితం చూపించింది. పేరు రాసుకున్నారు. సెప్టెంబరు అద్దె వెనక వాటాకి నేను వద్దన్నాను, మేడ మీదవాళ్ళు ఇచ్చారు.

కార్యకర్తలకి ఒక పని చెప్తాను. మొగుడు వెళ్ళగొడుతున్నాడని ఒకామె మీ దగ్గరికి వచ్చినప్పుడు, స్టేషనుకి వెళ్ళే దారిలోనే వాళ్ళ ఇంటి ఓనరు దగ్గర ఆగండి. ఆమెకీ చెప్పకుండా ఇల్లు ఖాళీ చేయించవద్దనీ, అడ్వాన్సు అతని ఒక్కడి చేతికే ఇవ్వొద్దనీ చెప్పండి. ఆమె ఫలానా తేదీ నించి ఇక్కడ కాపురముంటోందని ఒక చీటీ మీద రాయించుకోండి. రక్షణాధికారి అడిగే మొదటి కాగితాల్లో అదొకటవుతుంది. ఓనరు భయపడతాడు, కోర్టు గొడవలొద్దంటాడు. ఓనరు ఆడమనిషైతే ఇంట్లో కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. నాలాంటి వాళ్ళే ఎక్కువమంది ఉంటారు, చెడ్డవాళ్ళేం కాదు, ఎవరూ ముందుగా వచ్చి చెప్పలేదు, అంతే.

మా ఇంటి ఒప్పందం నమూనా తెలుగులో రాయించినది ఇరవై కాపీలు తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి. అద్దెకిచ్చేవాళ్ళూ తీసుకోండి, అద్దెకున్నవాళ్ళూ తీసుకోండి. ఇద్దరి సంతకాల షరతు ఏడోది. వకీలు అక్క ఒకావిడ చూసి పెట్టింది, ఇంకా ఏమన్నా చేర్చాలంటే చెప్పండి, పెళ్ళి కాకుండా కలిసి ఉండేవాళ్ళకి ఎలా రాయాలో మాకింకా కుదరలేదు. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి, అయిదింటికి మా వీధిలో కుళాయి వస్తుంది, మోటారు వెయ్యకపోతే మేడ మీదకి నీళ్ళెక్కవు.